వ్రేలి నేర్పు, మోచేతి నేరము: విలక్షణ బౌలింగు రీతులపై ఒక సమీక్ష

క్రికెట్టు క్రీడయందు బ్యాట్స్‌మన్ ఎట్లు నిలిచినను, బ్యాటును ఎట్లు పట్టినను, బంతి వెలువడుచుండగనే కుడిచేతివాటమును ఎడమచేతివాటముగా మార్చుకొని కొట్టినను చూచువారు చప్పట్లు చఱతురు. బౌలరు మాత్రము వ్రేళ్ళను అలవాటులేని తీరున అమర్చినను, భుజమును పదుగురివలె గాక వేఱొక కోణమున త్రిప్పినను మొట్టమొదట పుట్టునది సందేహము. ఈ సందేహమునకు రెండువందల యేండ్ల చరిత్ర కలదు. ఒక తరమువారు నేరమని త్రోసివేసిన దానిని మఱియొక తరమువారు నియమముగా స్వీకరించుటయు, ఒక దేశమున మోసమనిపించుకొన్నది వేఱొక దేశమున విద్యగా నేర్పబడుటయు ఆ చరిత్రలో పలుమాఱు జరిగినవి.

ఈ వాదము నేడు చిక్కుపడుటకు ముఖ్యకారణము, మూడు వేర్వేఱు ప్రశ్నలను ఒక్కటిగా ముడివేయుటయే. బంతిని వ్రేళ్ళతో ఎట్లు పట్టవలెనన్నది మొదటి ప్రశ్న. మోచేయి ఎంతవఱకు వంగి సాగవచ్చునన్నది రెండవది. పరుగెత్తి వచ్చు తీరులో బ్యాట్స్‌మన్‌ను ఎంతవఱకు భ్రమింపజేయవచ్చునన్నది మూడవది. మొదటిది నేర్పునకు, రెండవది నియమమునకు, మూడవది మర్యాదకు సంబంధించినవి. పాలమూరు, నల్లగొండ జిల్లాలలో వేసవి వచ్చి చెరువులెండగా బయటపడు శిఖపు భూములలో టెన్నిస్ బంతితో ఆడు బాలురకు ఈ మూడును విడివిడిగా తెలియవు. అచ్చట మోచేయి వంచి విసరినవానిని ‘బట్టా’ యని కేకలువేసి ఆపుదురేగాని, వ్రేళ్ళ నెట్లు మడచినను అడుగువా రుండరు. తీర్పు చెప్పుటలో ఆ బాలుర సహజబుద్ధి పెద్దల సిద్ధాంతములకంటె మేలైనదని ఈ వ్యాసకర్త యభిప్రాయము. దానికి గల హేతువులు ముందు విశదమగును.

చేయి పైకెత్తిన చరిత్ర

పదునెనిమిదవ శతాబ్దమున బంతిని క్రిందిచేతితో వేయుటయే ధర్మము. భుజమెత్తున చేయి చాచి వేయు పద్ధతి అంకురించిన తొలిదినములలో, 1822వ సంవత్సరమున లార్డ్స్ మైదానమునందు జాన్ విల్స్ అను కెంటు ఆటగాడు అట్లు వేయగా అంపైరు నోబాలనెను. ఆయన కోపించి బంతిని పాఱవైచి, గుఱ్ఱమెక్కి వెడలిపోయెనని ప్రసిద్ధి. పదుమూడేండ్లు గడవకమునుపే, 1835లో, ఆ పద్ధతికి నియమావళిలో చోటు లభించెను. పిమ్మట భుజముకంటె పైకి చేయి యెత్తువారి వంతు వచ్చెను. 1862లో ఓవల్ మైదానమున ఎడ్గర్ విల్షర్‌ను అంపైరు జాన్ లిల్లీవైట్ వరుసగా నోబాలు లనగా ఆట నిలిచిపోయెను. 1864లో చేయి పైకెత్తి వేయుటయు ధర్మసమ్మత మాయెను. నేడు ప్రపంచమంతట సహజమని మనము తలంచు బౌలింగు రీతి యిట్లు రెండు తిరుగుబాటుల ఫలము.

ఇందలి వింత యేమనగా, ఒకనాటి ఏకైక ధర్మము కాలక్రమమున నిందాస్పద మగుట. 1981 ఫిబ్రవరి 1వ తేదీన మెల్బోర్న్‌లో న్యూజీలాండు జట్టునకు చివరిబంతిలో ఆఱు పరుగులు కావలసియుండగా, ఆస్ట్రేలియా నాయకుడు గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత బంతిని క్రిందిచేతితో నేలపై దొర్లింపజేసెను. అది నాటి నియమములకు విరుద్ధము కాదు; అయినను రెండు దేశముల ప్రధానమంత్రులు దానిని గర్హించిరి. నేటి నియమావళిలో ముందుగా ఒప్పందము కుదిరిననేతప్ప క్రిందిచేతి బౌలింగు చెల్లదు. అంధుల క్రికెట్టులో మాత్రము అదియే నియమము: లోపల శబ్దముచేయు గుండ్లు గల గట్టి ప్లాస్టిక్ బంతిని క్రిందిచేతితో, పిచ్‌లో సగము దాటకమునుపే నేలను తాకునట్లు వేయవలెను. భారత అంధుల జట్టునకు నాయకత్వము వహించి 2023 సంవత్సరపు అర్జున పురస్కారమందిన తెలుగువాడు అజయ్ కుమార్ రెడ్డి ఆడిన ఆట యిదియే. ఏ రీతియు స్వతః అధర్మము కాదనుటకు ఇంతకంటె వేఱొక నిదర్శనము అక్కఱలేదు.

వ్రేళ్ళపై ఏ శాసనమును లేదు

చేతిని గూర్చి ఇన్ని తీర్పులు వెలువడినను, వ్రేళ్ళను గూర్చి నియమావళి యెన్నడును నోరు విప్పలేదు. మణికట్టును వంచుటయు త్రిప్పుటయు నియమములు స్పష్టముగ అనుమతించినవే. ఈ స్వేచ్ఛనుండియే విలక్షణమైన పట్టులన్నియు పుట్టినవి.

ఇంగ్లండు ఆటగాడు బోసాంక్వెట్, బల్లపై బంతి నాడు ఒక కాలక్షేపపు ఆటనుండి గూగ్లీని సాధించి, 1900వ సంవత్సరమున లీస్టర్‌షైర్ ఆటగాడు కో అను నతనిని 98 పరుగులకడ స్టంపౌట్ చేయించెను. లెగ్‌బ్రేక్ వేయునట్లే కనబడుచు, మణికట్టును మఱికొంత త్రిప్పి, అరచేతి వెనుకభాగము బ్యాట్స్‌మన్ వైపు నిలుచునట్లు చేసినచో బంతి ప్రతికూలదిశలో తిరుగును. ఇంతియే అందలి రహస్యము. ఆస్ట్రేలియా వాడైన జాక్ ఐవర్‌సన్ రెండవ ప్రపంచయుద్ధకాలమున న్యూగినీలో టేబుల్ టెన్నిస్ బంతిని బొటనవ్రేలికిని మడచిన నడిమివ్రేలికిని నడుమ పట్టి చిమ్ముటను అభ్యసించి, పిమ్మట దానిని క్రికెట్టు బంతికి అన్వయించెను. బొటనవ్రేలు ఏ దిక్కు చూచునో దానినిబట్టి బంతి తిరుగు దిశ మాఱెడిది. 1950–51లో ఇంగ్లండుపై ఆయన 5 టెస్టులలో 21 వికెట్లు తీసికొనెను. అంతటితో ఆయన టెస్టు జీవితము ముగిసెను.

అర్ధశతాబ్దము దాటిన తరువాత ఆ పట్టునకు పునర్జన్మ కలిగెను. శ్రీలంకకు చెందిన అజంత మెండిస్ 2008 ఆసియా కప్పు అంతిమపోటీలో భారతజట్టుపై 13 పరుగులకే 6 వికెట్లు గొని, ఆ వెంటనే జరిగిన 3 టెస్టులలో 26 వికెట్లు కూల్చెను. క్యారమ్ పలకపై బిళ్ళను కొట్టునట్లు వ్రేలితో చిమ్ముటచేత దానికి క్యారమ్ బంతి యని పేరు వచ్చెను. మెండిస్ మొత్తము ఆడినది 19 టెస్టులే. బ్యాట్స్‌మెన్ వీడియోలలో చూచి వ్రేళ్ళ కదలికను పసిగట్టిన పిదప ఆ బంతి పదును తగ్గెను. అదే బంతిని రవిచంద్రన్ అశ్విన్ తన ఆఫ్‌స్పిన్‌కు తోడుగా నప్పుడప్పుడు మాత్రమే వాడి, 537 టెస్టు వికెట్లతో విరమించెను. ఈ యిద్దఱిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒక భేదము తేటపడును: మెండిస్‌కు వింతయే మూలధనము, అశ్విన్‌కు మూలధనము నిలుకడ, వింత దానిపై వచ్చిన వడ్డీ.

వేగముగ వేయువారును ఈ పరిశోధనలో వెనుకబడలేదు. 2011 ప్రపంచకప్పులో జహీర్ ఖాన్ చూపుడు, నడిమి వ్రేళ్ళ కణుపులతో బంతిని పట్టి, చేయి వేగము తగ్గకుండనే బంతి వేగము తగ్గునట్లు వేయుచు, చెన్నపట్టణమున వెస్టిండీస్ ఆటగాడు డెవన్ స్మిత్‌ను బోల్తాకొట్టించెను. కణుపుల పట్టున బంతికి వెనుకకు తిరుగు చక్రగతి చాలవఱకు పోవును. అందుచేత అది అనుకొన్న చోటికి రాక ముందే క్రిందికి దిగును.

ముంతాజ్ హుస్సేన్ ప్రశ్న

హైదరాబాదు స్పిన్ సంప్రదాయము ప్రాయికముగా ఋజుమార్గపు సంప్రదాయము. ఎత్తైన చేతితో ఆఫ్‌బ్రేక్ వేసి 22 టెస్టులలో 68 వికెట్లు గొన్న గులాం అహ్మద్ మొదలుకొని, 102 వికెట్లు గొన్న శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, ఎడమచేతివాటపు వెంకటపతి రాజు వఱకు అందఱును లెంగ్తునకును ఫ్లయిటునకును ప్రాధాన్య మొసగినవారే. ఆ వరుసలో ఒక్కడు మాత్రము ఇమడడు. అతడు ముంతాజ్ హుస్సేన్.

1966–67లో ఉస్మానియా విశ్వవిద్యాలయము అంతర్విశ్వవిద్యాలయ పోటీయైన రోహింటన్ బారియా ట్రోఫీని గెలుచుకొనినప్పుడు ఆ విజయమునకు ప్రధానకారకుడు ఈ యెడమచేతి బౌలరు. సంప్రదాయపు ఎడమచేతి స్పిన్‌ను, మణికట్టుతో వేయు ప్రతిదిశా స్పిన్‌ను, దానికి గూగ్లీని, ఒక్కటే పరుగుతో, ఒక్కటే చేతితీరుతో, బ్యాట్స్‌మన్ ఊహింపజాలని క్రమమున వేయుట ఆయన ప్రత్యేకత. వ్రేళ్ళతో త్రిప్పువాడు వేఱు, మణికట్టుతో త్రిప్పువాడు వేఱు అని క్రికెట్టు శాస్త్రము చేసిన విభజనను ఒక్క విద్యార్థి చెఱిపివేసెననుట అతిశయోక్తి కాదు. కాని రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున ఆడిన పలు సంవత్సరములలో ఆయన ఆ వైవిధ్యమును చాలవఱకు విడిచి, సంప్రదాయపు ఎడమచేతి స్పిన్నరుగానే మెలగెను. భారతజట్టున ఆయనకు స్థానము దొరకలేదు.

ఈ మార్పును గూర్చి రెండు దృష్టులు సాధ్యములు. జట్టు క్షేమమే ముఖ్యమని తలంచువారు, నాలుగు దినముల ఆటలో పరుగులను కట్టడిచేయు బౌలరు అవసరమనియు, మణికట్టు బౌలరు వేయు పది మంచిబంతుల నడుమ దొరలు రెండు చెడ్డబంతులు నాయకుని వ్యూహమును చెఱచుననియు వాదింతురు. ఇది త్రోసిపుచ్చదగిన వాదము కాదు. రెండవ దృష్టివారు కాలమును చూపుదురు: 1966 చివర బిషన్ సింగ్ బేడీ భారతజట్టున ప్రవేశించి 1979 వఱకు 67 టెస్టులాడి 266 వికెట్లు తీసికొనెను. సంప్రదాయపు ఎడమచేతి స్పిన్నరునకు ఆ పండ్రెండేండ్లు తలుపు మూసియున్నట్లే. తనకు మాత్రమే తెలిసిన విద్యను విడిచి, దేశములో అత్యుత్తముడు నిలిచియున్న బారులో రెండవవానిగా నిలుచుట ఎవరికి లాభించును? ఎడమచేతి మణికట్టు స్పిన్నరు భారతదేశము తరఫున టెస్టు ఆడుట కులదీప్ యాదవ్‌తోనే మొదలు. అది 2017 మార్చిలో ధర్మశాలయందు. ఉస్మానియా విజయమునకును దానికిని నడుమ అర్ధశతాబ్దము గడచెను. ముంతాజ్ తన విద్యతోనే నిలిచియున్నచో భారతజట్టులో స్థానము తప్పక లభించియుండెడిదని నిర్ధారించుట సాహసము; కాని పరీక్షింపకయే ఒక అరుదైన విద్యను ప్రక్కనబెట్టుట మాత్రము నష్టమే. ఈ విషయమున నా మొగ్గు రెండవ దృష్టివైపునకే.

మోచేయి, కొలబద్ద

విలక్షణమైన పట్టుపై పడు అపవాదులలో అధికభాగము నిజమునకు మోచేతికి చెందినవి. నియమము పలుకునది సరళమే: చేయి భుజమెత్తునకు వచ్చిన క్షణమునుండి బంతి చేయిదాటువఱకు మోచేయి సాగరాదు. వంగియుండుట నేరము కాదు, వంగినది సాగుటయే నేరమను సంగతిని చూచువారు తఱచు మఱతురు.

హైదరాబాదు ఆటగాడు సయ్యద్ అబీద్ అలీ వృత్తాంతము ఇందు విచిత్రమైనది. 1968లో క్రైస్ట్‌చర్చ్ టెస్టున ఆయనను అంపైరు ఫ్రెడ్ గుడాల్ విసరినందులకు నోబాలనెను. న్యూజీలాండు వేగబౌలరు గ్యారీ బార్ట్‌లెట్ విసరుచున్నను పట్టించుకొనువారు లేరని, దానికి నిరసనగ అబీద్ అలీ బుద్ధిపూర్వకముగనే ఆ బంతిని విసరెనని వాడుక. తాను అపరాధియై పరుల అపరాధమును చూపిన ఆ నిరసనకు సాటివచ్చునది క్రికెట్టు చరిత్రలో మఱొకటి దొరకుట కష్టము.

1995లో మెల్బోర్న్‌లో అంపైరు డారెల్ హెయిర్ శ్రీలంక స్పిన్నరు ముత్తయ్య మురళీధరన్‌ను నోబాలనుటతో వాదము మలుపు తిరిగెను. మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా సాగదు. కంటికి విసరినట్లు కనబడునది యంత్రమునకు వేఱుగా కనబడెను. అంతవఱకు స్పిన్నరులకు 5, మధ్యమవేగమువారికి 7.5, వేగబౌలరులకు 10 డిగ్రీల మినహాయింపు ఉండెడిది. పరిశోధనలో దాదాపు బౌలరులందఱి మోచేతులును కొంత సాగుచునే యున్నవని తేలగా, 2005 మార్చినుండి అందఱికిని 15 డిగ్రీల ఒక్కటే హద్దు ఏర్పడెను. ఆ హద్దు లోపలి సాగుదలను వట్టి కన్ను గుర్తింపజాలదన్నది దాని యాధారము. విమర్శకులు ఇది మురళీధరన్ కొఱకు నియమమును సాగదీయుటయనిరి. సమర్థకులు ఇది కంటి పక్షపాతమునుండి బౌలరును కాపాడుట యనిరి. నాకు రెండవదే సమంజసముగ తోచుచున్నది. ఏలనన, చూడచక్కని తీరుగల వేగబౌలరులలోను ఈ సాగుదల కలదని నిరూపించినది ఆ పరిశోధనయే.

ఈ నియమపు వేడి తెలుగునాట ఆడినవారికిని తగిలినది. హైదరాబాదు పక్షమున ఆడి 24 టెస్టులలో 113 వికెట్లు గొన్న ప్రజ్ఞాన్ ఓఝాను 2014 డిసెంబరున భారత క్రికెట్టు బోర్డు బౌలింగునుండి నిలిపివేసెను. తీరు సవరించుకొని 2015 ఆరంభమున ఆయన అనుమతి పొందెను. గుంటూరున పుట్టిన అంబటి రాయుడు ప్రధానముగ బ్యాట్స్‌మన్. 2019 జనవరిలో సిడ్నీ పోటీలో ఆయన వేసిన కొలది ఓవర్లపై ఫిర్యాదు రాగా, గడువులోపల పరీక్షకు హాజరు కానందున అంతర్జాతీయ పోటీలలో బౌలింగు నిషేధింపబడెను. ఒకరు వృత్తిగా బౌలరు, మఱొకరు అవసరమున బౌలరు. ఒకే నియమము ఇరువురి జీవితములపై ఎంత భిన్నమైన బరువుతో పడెనో గమనింపదగును.

వేషమును గూర్చిన తగవు

పరుగెత్తి వచ్చు తీరులోని భ్రమను గూర్చిన మూడవ ప్రశ్నకు ఎక్కువ చోటక్కఱలేదు. 2018లో సి.కె. నాయుడు ట్రోఫీ పోటీయందు ఉత్తరప్రదేశ్ బౌలరు శివ సింగ్ పరుగెత్తివచ్చి, బంతి వేయుటకు ముందు తన చుట్టు తాను ఒక చుట్టు తిరిగెను. అంపైరు దానిని డెడ్‌బాల్ అనెను. పరుగు ఎట్లుండవలెనో నియమము చెప్పదు. బ్యాట్స్‌మన్ ఏకాగ్రతను చెఱచుటకే చేసినదా యను నిర్ణయము మాత్రము అంపైరుదే. ఇందుకు భిన్నముగ 2025 ఏప్రిల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాదు తరఫున కమిందు మెండిస్ ఒకే ఓవరులో రెండు చేతులతోను బంతులు వేయగా ఎవరును తప్పుపట్టలేదు. ఏ చేతితో వేయబోవునో అంపైరుద్వారా ముందుగా తెలుపుట నియమము కావున అందు మఱుగు లేదు. బ్యాట్స్‌మన్‌కు మాత్రము చెప్పకయే చేయి మార్చుకొను స్వేచ్ఛ ఏల యుండవలెనను ప్రశ్న దీనివలన మఱింత పదునెక్కినది. దానికి తృప్తికరమైన సమాధానమును నియమకర్తలు ఇంతవఱకు చెప్పలేదు.

శిఖపు భూమినుండి తోలుబంతి వఱకు

2016లో విభజింపబడుటకు పూర్వము పాలమూరనబడు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు నేటి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట, సూర్యాపేట, భువనగిరి ప్రాంతములను కూడ పొదువుకొనియుండెను. ఎఱ్ఱని చెల్క నేలలు, వానకొఱత గల ఈ మెట్టసీమలో పచ్చిక పిచ్‌లు అరుదు. ఆట టెన్నిస్ బంతితోనే సాగును. ఇందుండియే ఈ సమీక్షకు మిక్కిలి ప్రసక్తమైన సమస్య పుట్టుచున్నది.

టెన్నిస్ బంతి బరువు సుమారు 58 గ్రాములు. క్రికెట్టు బంతి బరువు 156 మొదలు 163 గ్రాముల వఱకు. మొదటిది మెత్తన, నొక్కిన అణగును, కుట్టు లేదు. కావున నడిమివ్రేలితో చిమ్ముట, కణుపులతో పట్టుట, అరచేతి వెనుకనుండి వదలుట మొదలగునవి పండ్రెండేండ్ల బాలునకును సులభసాధ్యములు. బరువు మూడింతలకు చేరువగు తోలుబంతితో అవే పనులకు వ్రేళ్ళ బలము చాలదు, గుఱి తప్పును. మఱియొక చిక్కు కలదు. తేలికబంతికి వేగము కలిగింపవలెనన్న చేయి కొరడావలె ఆడవలెను. ఆ అలవాటే మోచేయి సాగుటకు మూలము. అనగా టెన్నిస్ బంతి వ్రేలికి గురువు, మోచేతికి శత్రువు.

ఈ బాలుడు జిల్లానుండి హైదరాబాదు చేరి శిక్షకుని యెదుట నిలిచినప్పుడు రెండు పద్ధతు లెదురగును. ఒకటి అంతయు మొదటినుండి నేర్పు పద్ధతి: చూపుడు, నడిమి వ్రేళ్ళు కుట్టుపై, భుజము నిటారు, చేయి చెవి ప్రక్కన. గాయములను తగ్గించుట, నిలుకడ కలిగించుట దీని గుణములు. రెండవది ఉన్నదానిని ఉన్నట్లుంచి బలపఱచు పద్ధతి. శ్రీలంకలో భుజముప్రక్కనుండి చేయి త్రిప్పి వేయు మలింగను, మన దేశమున బుమ్రాను ఈ పద్ధతివారు నిదర్శనములుగ చూపుదురు. మొదటివారు దీనికి చెప్పు ప్రత్యుత్తరము బలమైనదే: మలింగ ఒక్కడు వెలుగులోనికి వచ్చినప్పుడు, అట్టి తీరుతోనే మరుగున పడినవా రెందఱో లెక్కించినవా రెవ్వరు?

మహమ్మద్ సిరాజ్ వృత్తాంతము ఈ రెంటికిని నడుమ నిలుచును. హైదరాబాదు వీథులలో టెన్నిస్ బంతితో పెరిగి, ఆలస్యముగ తోలుబంతి పట్టి, 2016–17 రంజీ పోటీలలో 41 వికెట్లు గొన్న ఈ బౌలరు పిమ్మట కాలమున తన ముఖ్యాయుధముగ చేసికొన్నది కుట్టు ఊగులాడు బంతి. వ్రేళ్ళను కొంత యెడముగా నుంచి, కుట్టు నిటారుగ పోక అటునిటు కదలునట్లు వదలుట దాని పద్ధతి. కుట్టులో ఏ భాగము నేలను తాకునో బౌలరునకే తెలియదు గనుక బ్యాట్స్‌మన్‌కు తెలియుట కల్ల. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు అంతిమపోటీయందు 21 పరుగులకు 6 వికెట్లు గొని శ్రీలంకను 50 పరుగులకు కూల్చుటలో గాలిలోని వంపును తోడ్పడెను. అయినను కుట్టు నిటారుగ నిలుపుమని పాఠ్యపుస్తకములు తరతరములుగ చెప్పినదానిని ఆయన రీతి తలక్రిందు చేసినదనుట నిజము. సిరాజ్ చేయి సంప్రదాయమునకు దూరము కాదు. వింత అంతయు వ్రేళ్ళలో నున్నది. జిల్లా శిక్షకులకు ఉపయోగించు ఉదాహరణము మలింగకంటె ఈయనయే.

తేలని విషయములు

మోచేతి కోణమును కొలుచు ప్రయోగశాల దక్షిణదేశమున చెన్నపట్టణపు శ్రీరామచంద్ర సంస్థలో కలదు. అది పైస్థాయి ఆటగాండ్రకు ఉద్దేశింపబడినది. పదునాలుగేండ్ల నారాయణపేట బాలుని మోచేయిపై తీర్పు చెప్పునది నేటికిని అంపైరు కన్నే. 15 డిగ్రీల లోపలిది కంటికి కనబడదని శాస్త్రము చెప్పుచుండగా, కనబడినదని యెంచి బాలుని ఆపిన అంపైరు తప్పుచేసెనా, ఒప్పుచేసెనా? చేతిఫోనులలోని మందగతి చిత్రములు ఈ కొఱతను కొంత తీర్చునని కొందఱాశపడుచున్నారు; కాని ఒక్క దిక్కునుండి తీసిన చిత్రములో భుజము తిరుగుట మోచేయి సాగినట్లు భ్రమ కలిగించునని మురళీధరన్ వివాదమే తెలిపినది. సాగవలసిన హద్దు దాటి వెనుకకు వంగు మోచేతులు గల బౌలరుల విషయమున కొలత ఎచ్చటనుండి మొదలుపెట్టవలెనన్నదానిపైనను సామాన్య ప్రేక్షకులకు స్పష్టత లేదు.

పట్టు విషయమున తేలనిది వేఱొకటి. ప్రతి బంతిని పలు కెమెరాలు చూచుచున్న ఈ కాలమున వింతపట్టు ఎన్ని మాసములు రహస్యముగ నిలువగలదు? ఐవర్‌సన్ రహస్యము ఒక్క ఋతువు, అజంత మెండిస్ రహస్యము రెండుమూడేండ్లు నిలిచినవి. తెలిసినను ఆడుటకు కష్టమైన సిరాజ్ బంతి వంటివి మాత్రము నిలుచుచున్నవి. ఏలనన వానిలో దాచవలసిన రహస్యము లేదు. రాబోవు బౌలరులు చేతిలోని మాయను వెదకుదురా, లేక నేలతాకిన పిదప పుట్టు అనిశ్చయమును వెదకుదురా యనునది ఇంకను తేలవలసియున్నది.